ఆవ పెట్టిన గుడ్లు

ఆ ఏడాది చలికాలంలో కస్తూరమ్మ రెండో కొడుక్కి రెండు పుట్టినరోజులు వచ్చాయి. ఒకటి నవంబరులో, ఇంకోటి జనవరిలో. రెండిటికీ గుడ్లు చేసి పంపింది నేనే. ఇదేమిటి, వీడు ఏడాదికి రెండుసార్లు పుట్టాడా అని నాకు తోచలేదు. ఫిబ్రవరిలో మూడోది కూడా ఉందంటే, ఎన్ని గుడ్లు ఉడకెయ్యాలి అని మాత్రం అడిగి ఉండేదాన్ని.

అది ఎనభై ఒకటో సంవత్సరం. ఉక్కు కంపెనీ ఊళ్ళో, సిద్ధగోరా అనే పేటలో, కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్ళం. ఇంట్లో నేను, మా ఆయన నీలకంఠం, మా అత్త జోగమ్మ. మా ఆయన మిల్లులో పని. మాది బొబ్బిలి దగ్గర. మా మామ ఎప్పుడో కంపెనీలో చేరడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, ఇక్కడే పోయాడు. మా వీధిలో సగం ఇళ్ళు మా వైపు వాళ్ళవే. మిగతా సగంలో బెంగాలీలు, ఒడియా వాళ్ళు, బీహారీలు.

వానల్లో నాకు మగపిల్లాడు పుట్టాడు. పేరు పెట్టే పురుడు రోజు రాకముందే పోయాడు. జ్వరం వచ్చింది, పాలు తాగడం మానేశాడు, మర్నాటికి లేడు. దాని గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు. పక్కింటి కస్తూరమ్మ భర్త జగ్గారావు, మా ఆయన కలిసి వాణ్ణి తువ్వాలులో చుట్టి సువర్ణరేఖ నది ఒడ్డుకు తీసుకెళ్ళారు. తిరిగి వచ్చి ఇద్దరూ పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. మా ఆయన మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు.

మా వాళ్ళలో చావుకీ పుట్టుకకీ ఏం చెయ్యాలో చెప్పే పెద్ద ముసలయ్య గారు. పక్క పేట బారిడీహ్‌లో ఉండేవారు. కబురు పెడితే వచ్చారు గానీ, గుమ్మం దాటి లోపలికి రాలేదు. పురుడు రాని బిడ్డకు పేరు లేదు, పేరు లేనివాడికి మైల లేదు, దినం లేదు, ఇల్లు కడుక్కుని మీ పనులు మీరు చూసుకోండి అని చెప్పి, రిక్షాను నిలబెట్టి వచ్చానంటూ వెళ్ళిపోయారు. ఆయన తప్పు చెప్పలేదు. ఆనవాయితీ అంతే.

మామూలుగా మా ఇళ్ళల్లో మనిషి పోతే పెద్దదినం అయ్యేదాకా ఎవరూ నీసు ముట్టరు. చేప, మాంసం, గుడ్డు, ఏదీ. పెద్దదినం నాడు చచ్చినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి కాకికి వేసి, ఆ తర్వాత చుట్టాలే ఇంటివాళ్ళ చేత మొదటి నీసు ముద్ద తినిపిస్తారు. ఇంక ఏడ్చింది చాలు, లేవండి అని దాని అర్థం. మా మామ పోయినప్పుడు మా అత్తకు కస్తూరమ్మే కోడికూర తినిపించింది. అంతవరకు కూర్చున్న చోటు నుంచి లేవని మనిషి, ఆ ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, అంట్ల గిన్నెలు ముందేసుకుంది.

నాకు మాత్రం అలాంటి రోజు రాలేదు. ఎవరూ నన్ను నీసు తినొద్దని చెప్పలేదు. నేనే మానేశాను. మొదలుపెట్టమని ఎవరూ చెప్పని దాన్ని ఇంక ఆపమని చెప్పడానికి కూడా ఎవరూ లేరు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, నేను పప్పునీళ్ళూ అన్నమూ తింటూ గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఏడుపు రాలేదు. మనసులో పెట్టుకోకు, గట్టిగా ఏడు అని వీధిలో ఆడవాళ్ళంతా చెప్పారు. పెట్టుకోవడానికి మనసులో ఏమైనా ఉంటే కదా. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట ఏనుగు తల ఉండేది, దాన్ని చూసేదాన్ని.

అలా ఉండగా నవంబరులో ఒక పొద్దున్న కస్తూరమ్మ బుట్ట నిండా గుడ్లు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. మనిషి నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. మా వీధిలో ఏ ఇంట్లో ఏ శుభకార్యమైనా పెత్తనం ఆవిడదే.

"లెగు పద్మా. సండే మా చిన్నోడి బర్త్‌డే. డోరతీ ఆంటీ గుడ్లు సెయ్యడం ఈ ఈదిలో నీకొక్కర్తికే వచ్చు. నానేటి, ఉడకబెట్టి ఉప్పూ కారం జల్లడం తప్ప ఏటీ తెల్దు నాకు."

డోరతీ ఆంటీ ఆంగ్లో ఇండియన్. మా ఎదురు క్వార్టరులో ఉండేది. ఆవిడ భర్త రిటైరయ్యాక, ఆ వానల్లోనే వాళ్ళవాళ్ళుండే మెక్లుస్కీగంజ్ ఊరికి వెళ్ళిపోయారు. వీధిలో ఎవరింట్లో నలుగురు చేరినా ఆవిడ పళ్ళెం నిండా ఈ గుడ్లు పంపేది. డెవిల్డ్ ఎగ్స్ అనేది. బెంగాలీ వాళ్ళకు డెవిల్ అంటే వేరే. ఖీమా పెట్టి, రొట్టెపొడి అద్ది, నూనెలో వేయించేది. ఆంటీ పళ్ళెం చూసి ఇది డెవిల్ ఎలా అవుతుందని వాళ్ళు దెబ్బలాడేవాళ్ళు. కస్తూరమ్మ ఆ పేరును తెలుగు చేసి దెయ్యం గుడ్లు అని వీధంతా చాటింది. కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇంట్లో ఆ మాటెత్తొద్దని మా అత్త కసిరింది. మన వైపు పనసపొట్టుకీ అరటిదూటకీ ఆవ పెట్టమా, ఇది గుడ్డుకి ఆవ పెట్టడం, అంతే కదా అని చెప్పి ఆవిడే ఆవ గుడ్లు అని పేరు మార్చింది. నేను వేసవిలో ఆంటీ వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని, చూసి చూసి నేర్చుకున్నాను.

రానని చెప్పడానికి కూడా ఓపిక కావాలి. అది లేక లేచాను. స్నానం చేశాను. బొగ్గుల పొయ్యి మీద గుడ్లు చన్నీళ్ళలో వేసి ఉడకబెట్టి, పెంకు తీసి, దారంతో నిలువునా రెండుగా కోశాను. కత్తితో కోస్తే అంచు చిరుగుతుంది, దారంతో కోస్తే నున్నగా వస్తుందని ఆంటీ చెప్పేది. పచ్చసొనలు గిన్నెలోకి తీసి మెదిపాను. వేరే గిన్నెలో పచ్చి సొనలోకి చుక్క చుక్కగా నూనె వేస్తూ చిలికితే వెన్నలా వస్తుంది. తొందరపడితే విరిగిపోతుంది. నాకు తొందరేముంది. అది చక్కగా వచ్చింది.

ఆంటీ దగ్గర పసుపు రంగు డబ్బాలో సీమ ఆవపొడి ఉండేది. మాకు అది లేదు. అందుకని మామూలు ఆవాలే నానబెట్టి సన్నికల్లు మీద నూరాను. మెత్తగా అయ్యాయి. అయినా నూరాను. ఇంకా నూరాను. పొత్రం అటూ ఇటూ తిరుగుతుంటే ఇంక దేని గురించీ ఆలోచించనక్కరలేదు. మా అత్త వచ్చి కాసేపు నిలబడి, ఏదో అనబోయి, ఊరుకుని వెళ్ళిపోయింది. ఆ ఆవముద్ద, చిలికిన నూనె, కాస్త సిర్కా, అదే వెనిగరు, ఉప్పు అన్నీ సొనలో కలిపి, తెల్లగుడ్డు దొన్నెల్లో కుప్పగా పెట్టి, పైన ఎర్రగా కాశ్మీరీ మిరపపొడి చల్లాను. రుచి చూడలేదు. చూడకూడదు కదా. పళ్ళెం మాత్రం చూడ్డానికి డోరతీ ఆంటీ పళ్ళెంలాగే ఉంది.

పుట్టినరోజుకి నేను వెళ్ళలేదు. సాయంత్రం పళ్ళెం ఖాళీగా, కడిగి, తిరిగి వచ్చింది. భలే ఉన్నాయి, అందరూ ఎగబడి తిన్నారు అని కస్తూరమ్మ గుమ్మంలోంచే చెప్పింది.

ఆ తర్వాత వీధికి ఏదో పూనకం వచ్చినట్టు ఒకటే పార్టీలు. జగ్గారావు స్నేహితుడికి ప్రమోషన్, క్రేన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు డిమ్నా చెరువుకు పిక్నిక్, వెనక వరస మలయాళీ నర్సు ఇంట్లో క్రిస్మస్ టీ, ఆడవాళ్ళ తంబోలా, ఎవరిదో బదిలీ, ఆ బదిలీ రద్దయినందుకు ఇంకో పార్టీ. ప్రతిదానికీ గుడ్ల బుట్ట నా మంచం దగ్గరికి వచ్చేది. ప్రతిసారీ లేచి, నీళ్ళు పోసుకుని, పొయ్యి రాజేసి, ఉడకబెట్టి, కోసి, మెదిపి, నూరి, పెట్టి పంపేదాన్ని. పళ్ళెం ఖాళీగా వచ్చేది. మర్నాడు మళ్ళీ గోడ, ఏనుగు తల.

దూరం ఇళ్ళకైతే మా ఆయన డబ్బాలో సర్దుకుని సైకిల్ మీద తీసుకెళ్ళేవాడు. ఆయన అసలే మితభాషి. వాణ్ణి ఏటి ఒడ్డున పెట్టి వచ్చాక ఆ నాలుగు మాటలూ పోయాయి. డ్యూటీ, అన్నం, నిద్ర. మేమిద్దరం ఒక గదిలో ఉండి, ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళలా ఉండేవాళ్ళం. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మా అత్త ఏటి అవతల మాంగో అనే పేట బజారు నుంచి రొహూ చేప తెచ్చి పులుసు పెట్టింది. కంచంలో వేడి అన్నం, పులుసు కలిపి, నా ఎదుట బాసింపట్టు వేసుకు కూర్చుంది. మా ఆయన బి-షిఫ్టుకు వెళ్ళడానికి వరండాలో బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఒక్క ముద్ద తిను. ఒంట్లో నెత్తురు లేదు నీకు. అద్దంలో సూసుకున్నావేటి?"

"దినం అవనీ అత్తా, తింటాను."

"ఎవుల దినం?"

"ఆడిదే."

మా అత్త కంచం కింద పెట్టింది.  అప్పటిదాకా నేను అన్నం సహించక నీసు మానేశాననుకుంది ఆవిడ. పురుడు రానోడికి దినం ఉండదని ముసలయ్య గారు చెప్పారు కదా అని మెల్లిగా అంది.

నేను ఆ నాలుగు నెలల్లోనూ మాట్లాడిన పెద్ద మాట అప్పుడే మాట్లాడాను. "ఆయన సెప్పింది ఇన్నాను. దినం సేత్తే ఒకడు ఉండీవోడు, పోయాడని కదా. సెయ్యకపోతే నాను కన్నదేటి అత్తా? ఏటీ లేదా? ఏటీ లేనప్పుడు పాలెందుకొచ్చాయి నాకు?"

చెప్పేటప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. కరెంటు బిల్లు చదివినట్టు చదివాను. వరండాలో బూట్ల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. సైకిల్ స్టాండు తీసిన చప్పుడు వినిపించింది. విన్నాడో లేదో నాకు తెలియలేదు.

మా అత్త మర్నాడే బారిడీహ్ వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో గుడికి కూడా వెళ్ళని మనిషి, షాల్ కప్పుకుని, కస్తూరమ్మను తోడు తీసుకుని వెళ్ళింది. ముసలయ్య గారు ఒప్పుకోలేదు. పేరు లేని బిడ్డకు కర్మ చేస్తే రాబోయే బిడ్డలకు అరిష్టం అన్నారట. కొడుక్కి తండ్రి కర్మ చెయ్యడమేమిటి, ఎక్కడైనా ఉందా అన్నారట. మా అత్త తిరిగొచ్చి మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చుని ఇదంతా చెప్పింది. చెప్పి, ఒప్పుకోరని నాకు ముందే తెలుసు, అయినా అడిగాను అంది. నేను సరే అన్నాను. సరే అంటే ఇంక నేను జన్మలో నీసు ముట్టనని. దినం లేకపోతే ఆ ముద్ద తినే రోజు ఎప్పటికీ రాదు. నాకు అదేమీ కష్టంగా అనిపించలేదు. అలాగే ఉండిపోవచ్చనిపించింది, ఆ గోడవైపు తిరిగి.

జనవరిలో చలి ముదిరింది. కస్తూరమ్మ మళ్ళీ బుట్ట తెచ్చి, చిన్నోడి పుట్టినరోజంది. చేసి పంపాను.

ఆ నెలాఖరులో ఒక శుక్రవారం మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ గుడ్లు తెచ్చాడు. ఎప్పుడూ కస్తూరమ్మే తెచ్చేది, ఈయన తేవడం మొదటిసారి. బుట్ట వంటింట్లో పెట్టి, ఆదివారం మధ్యాహ్నం మనింట్లో పది మంది భోజనానికి వస్తున్నారు, ఇవి కూడా చెయ్యి అన్నాడు. ఎందుకని అడగలేదు. మా అత్తే అడిగింది. ఉంది లే అమ్మా అన్నాడు.

ఆదివారం పొద్దున్న నేను లేచేసరికి ఆయన లేడు. నా పని నేను మొదలుపెట్టాను. మా అత్త రెండో పొయ్యి మీద అన్నం, పప్పు వండుతోంది. కోడిని కూడా కోయించి పెట్టాడట, కస్తూరమ్మ వాళ్ళింట్లో ఉడుకుతోందని అంది. గుడ్లు పళ్ళెంలో సర్ది, మిరపపొడి చల్లుతూ ఉన్నాను. వీధి తలుపు తీసిన చప్పుడైంది. తల తిప్పి చూశాను.

మా ఆయన తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. గుండు. మీసం కూడా తీసేశాడు. మాంగో వంతెన కింద రేవులో చేయించుకుని, మునిగి వచ్చాడు. చలికి పెదాలు నల్లబడ్డాయి. ఆ మొహం నాకు కొత్తగా ఉంది. చెవులు ఎంత పెద్దవో అప్పుడే చూశాను.

చేతిలో మిరపపొడి చిటికె అలాగే ఉండిపోయింది. మా అత్త గరిటె పట్టుకుని వచ్చి, కొడుకును చూసి, గోడకు చేరబడింది. తల్లి బతికుండగా కొడుకు గుండు చేయించుకుని మీసం తీస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఆవిడ నెమ్మదిగా కొంగుతో ఆయన తల తుడిచింది.

"ఈదిలో అందరూ నానే సచ్చేననుకుంటారు," అంది. "అనుకోనీ."

ఆయన సంచిలోంచి సాల చెట్టు ఆకులు కుట్టిన విస్తరి తీసి నా ఎదుట పెట్టాడు. కాకికి పెట్టే విస్తరి. అప్పటికి నాకు అర్థమైంది ఆ భోజనం ఎందుకో. ఉన్నచోటే కూర్చుండిపోయాను.

ఈలోగా కస్తూరమ్మ, జగ్గారావు కోడికూర గిన్నె మోసుకుని వచ్చారు. వాళ్ళ వెనక మా వీధిలో వాళ్ళు ఇంకో ఎనిమిది మంది. గుండు చూసి ఎవరూ ఏమీ అడగలేదు. ముసలయ్య గారు రాలేదు. ఆయనను పిలవలేదు. మా అత్తే పెద్దరికం తీసుకుని విస్తరి ముందు కూర్చుంది. అన్నం పెట్టింది. పప్పు వేసింది. అక్కడ ఆగిపోయింది. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టాలి.

"ఆడికేటెడతామే?" అంది నన్ను చూసి.  "పాలు తప్ప ఏటి తెల్సు ఆడికి?"

 నేను పళ్ళెం దగ్గరికి జరిగాను. కడుపుతో ఉన్నప్పుడు వేసవంతా నాకు అన్నం వాసన పడేది కాదు, నీళ్ళు కూడా ఇమిడేవి కావు, ఆంటీ చేసే ఆ గుడ్లు ఒక్కటే దిగేవి. రోజూ ఎదురింటికి వెళ్ళి వాకిట్లో కూర్చునేదాన్ని, సిగ్గు లేకుండా. నేను కాదు అడిగేది, లోపలివాడు అడుగుతున్నాడు అని ఆంటీ నవ్వేది.

"ఇదంటే ఇష్టం ఆడికి," అన్నాను.

ఒక గుడ్డు ముక్క తీసి విస్తరిలో అన్నం పక్కన పెట్టాను. మా ఆయన రెండు చేతులతో విస్తరి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి గోడ మీద పెట్టాడు. తిరిగి వచ్చి చెయ్యి కడుక్కున్నాడు. అంతే దినం. మంత్రం లేదు, గోత్రం లేదు. ఆ మాత్రానికే నాకు గుండెల మీద నుంచి ఏదో దించినట్టయింది. తేలికవడం కూడా కాదు, బరువు ఉందని అప్పుడు తెలిసింది.

మా అత్త అదే గుడ్డు రెండో సగం తీసి నా నోటి దగ్గర పెట్టింది. "తిను. అయిపోయింది దినం," అంది. తిన్నాను.

చేదు. వేపాకు నమిలినట్టు చేదు. నాలుక మీద నుంచి గొంతు దాకా, ముక్కు దాకా పాకింది. ఆవాలు ఉప్పూ ఎండుమిరపా లేకుండా నూరితే చేదెక్కుతాయని, ఎంత ఎక్కువ నూరితే అంత చేదని, మా వైపు పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ చలికాలం అది నాకు గుర్తు రాలేదు.

"చేదుగా ఉంది," అన్నాను. "ఇయ్యాల చెడిపోయింది."

కస్తూరమ్మ నేల చూపులు చూసింది. జగ్గారావు గడప అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. మా అత్తే చెప్పింది, మొదటిరోజు నుంచీ అంతేనని. నేను ఒట్టి ఆవాలు నూరుతుంటే చూసిందట, చెప్పబోయిందట. నెలల తర్వాత కదిలిన చెయ్యి మళ్ళీ ఆగిపోతుందేమోనని భయపడి ఊరుకుందట.

"మరి పళ్ళాలన్నీ ఖాళీగా వచ్చాయి కదా?"

"తిన్నాం," అంది కస్తూరమ్మ. "ఒకటి తిని గ్లాసుడు నీల్లు తాగడం, మల్లీ ఇంకోటి తినడం. ఒక పాలి మా ఆయన ఈది కుక్కకెట్టేడు. అది వాసన సూసి ఎల్పోయింది. క్యా కర్తే, ఏటి సెయ్యమంతావు పద్మా, బుట్ట తెత్తే నువ్వు లెగుత్తున్నావు. తేకపోతే లెగవట్లేదు. ఎన్ని పార్టీలని సేత్తాం, అయిపోయాయి. అందుకే చిన్నోడు మల్లీ పుట్టేడు."

పిక్నిక్ ఒకటి నిజమే. ప్రమోషన్ నిజం కాదు. బదిలీ నిజం కాదు. అది రద్దవడం అసలే నిజం కాదు. మా ఆయన డబ్బా సైకిలుకు తగిలించుకుని ఎక్కడికి వెళ్ళేవాడో నేనడగలేదు. జగ్గారావే చెప్పాడు గడప అవతల నుంచి. మిల్లు గేటు దగ్గర టీ బడ్డీలో కూర్చుని, తోటివాళ్ళకు తలా ఒకటి పంచి, మిగిలినవన్నీ ఆయనే తినేవాడట. ఒక్కటి కూడా పారెయ్యనిచ్చేవాడు కాదట.

అప్పుడు ఏడ్చాను. వానల్లో రావలసిన ఏడుపు మాఘమాసంలో వచ్చింది. మా అత్త ఒడిలో తల పెట్టి, నలుగురి ముందు, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు. కస్తూరమ్మ విస్తళ్ళు వేసి అందరికీ వడ్డించింది. నాకూ వేసింది. ఏడుస్తూనే కోడికూరతో అన్నం తిన్నాను. పళ్ళెంలో గుడ్లు కూడా ఆ పది మందీ తిన్నారు, ఒక్కటి వదలకుండా. ఆ రోజు మాత్రం మొహాలు వికారంగా పెట్టి, బాహాటంగా తిట్టుకుంటూ తిన్నారు.

సోమవారం మా ఆయన ఏ-షిఫ్టుకు వెళ్ళి, మూడింటికి ఇంటికొచ్చాడు. నేను గుమ్మంలో ఎండలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఆయన నా పక్కనే మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుతూ, ఎన్నో నెలల తర్వాత తనంతట తాను మాట మొదలుపెట్టాడు. మిల్లులో అందరూ గుండు చూసి అమ్మ పోయిందా అని అడిగారట. కాదు, మా అబ్బాయి అని చెప్పాడట. ఫోర్‌మన్ సర్దార్జీ పగిడీ సర్దుకుని దగ్గరికి వచ్చి, చేతులు పట్టుకుని, పిల్లాడి పేరేమిటని అడిగాడట.

"ఏటి సెప్పేవు?"

"పోలరాజు," అన్నాడు.

చాట నా ఒళ్ళోంచి జారింది. బియ్యం మెట్ల మీద పడ్డాయి. వాడికి పేరుందని నేను వినడం అదే. ఆ పేరు ఎప్పుడు పెట్టావు అని అడిగాను.

"పుట్టిన్నాడే ఎట్టేను," అన్నాడు, వంగి బియ్యపు గింజలు ఒక్కొక్కటీ ఏరుతూ. "పురుడు నాడు నీకు సెప్దామని ఆగేను."